దిల్‌సుఖ్‌నగర్ మగ్గం వర్క్ షాపు గూగుల్‌లో దొరకాలంటే: ఏ టూల్, ఏ వరసలో

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వదినకు మగ్గం వర్క్ షాపు ఉంది. పెళ్లి బ్లౌజుల మీద జర్దోసీ, కట్‌దానా, కుందన్ పని చేయిస్తుంది. డబ్బు పెట్టి వెబ్‌సైట్ కూడా పెట్టించింది. ఏడాది గడిచినా, షాపు పేరు కొడితే తప్ప అది గూగుల్‌లో కనిపించేది కాదు. "నెలనెలా ఇంత కట్టండి, ముప్పై రోజుల్లో మొదటి పేజీకి తెస్తాం" అనే ఫోన్లు మాత్రం ఆగేవి కావు. ఒకరోజు నన్ను అడిగింది: "అందరూ ఏవేవో టూల్స్ అంటున్నారు. ఏది కొంటే మన సైటు పైకొస్తుంది?"

ఇప్పుడే ఏదీ కొనొద్దన్నాను. టూల్ సైటును పైకి తేలేదు. ఎక్కడ పని మిగిలిపోయిందో చూపిస్తుంది, అంతే. ఆ పని మనమే చేయాలి. చిన్న వ్యాపారానికి అవసరమైన టూల్స్ దాదాపు అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. వాటిని వాడే వరస తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మన పేజీలు గూగుల్‌కు కనిపిస్తున్నాయా అన్నది ముందు చూడాలి. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో తర్వాత తెలుసుకోవాలి. రాత, ఫొటోలు, స్పీడు ఆ తర్వాతి సంగతి. వదిన సైటుకు మేం చేసిన పనిని అదే వరసలో చెబుతాను. మీది టిఫిన్ సెంటరైనా, అమీర్‌పేటలో కోచింగ్ సెంటరైనా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: సెర్చ్ కన్సోల్ మీ చేతిలో ఉండాలి

గూగుల్ సెర్చ్ కన్సోల్ పూర్తిగా ఉచితం. మన సైటు గురించి గూగుల్‌కు ఏం తెలుసో గూగులే చెప్పే చోటు ఇది. బయటి టూల్స్ అంచనా వేసి చెబుతాయి, ఇది తన దగ్గరున్న లెక్క చెబుతుంది.

దీన్ని మీ సొంత జీమెయిల్‌తో తెరవండి. సైటు చేసిచ్చినవాళ్ల అకౌంట్‌లో ఉంటే సరిపోదు. మాకు ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. సైటు కట్టిన మనిషి డొమైన్‌ను, అంటే సైటు అడ్రస్‌గా ఉండే పేరును, తన పేరు మీదే కొని ఉంచాడు. దాన్ని వదిన పేరు మీదికి మార్పించుకునే సరికి మూడు వారాలు పట్టింది. షాపు అద్దె కాగితం ఎవరి పేరు మీద ఉందో చూసుకున్నట్టే డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఈ రోజే చూసుకోండి.

కన్సోల్‌లో సైటును చేర్చేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. వాటిలో 'డొమైన్' అన్నదాన్ని ఎంచుకోండి. గూగుల్ ఒక వరస అక్షరాలు ఇస్తుంది. డొమైన్ కొన్న కంపెనీ సైటులోకి వెళ్లి, డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాలు దాచే పట్టిక) సెట్టింగ్స్‌లో టెక్స్ట్ రికార్డుగా దాన్ని అతికించాలి. కొన్నిసార్లు నిమిషాల్లో పనైపోతుంది, కొన్నిసార్లు ఒకట్రెండు రోజులు ఆగాలి. ఇలా చేస్తే మీ సైటుకున్న అన్ని రూపాలూ, అంటే ముందు మూడు డబ్ల్యూలు ఉన్నదీ లేనిదీ, ఒకే లెక్కలోకి వస్తాయి.

తర్వాత పైనున్న వెతికే పెట్టెలో మీ హోమ్ పేజీ అడ్రస్ వేయండి. ఆ పేజీ గూగుల్ జాబితాలో ఉందో లేదో అక్కడే చెబుతుంది. లేదని చెబితే ముందు ఒక చిన్న విషయం చూడండి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటైతే సెట్టింగ్స్‌లో 'రీడింగ్' అనే చోట, సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే ఒక టిక్కు ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు దాన్ని పెడతారు, పని పూర్తయ్యాక తీయడం మరిచిపోతారు. ఆ ఒక్క టిక్కు వల్ల ఏడాదిపాటు ఎవరికీ కనిపించని సైట్లు ఉంటాయి.

వదిన సైటులో ఆ టిక్కు లేదు. సమస్య 'పేజెస్' రిపోర్టులో బయటపడింది. చాలా పేజీల పక్కన 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని ఉంది. అంటే గూగుల్ వచ్చి చూసింది, జాబితాలో మాత్రం చేర్చుకోలేదు. 'డిస్కవర్డ్' అని మొదలయ్యేది వేరు: అడ్రస్ తెలిసింది, ఇంకా వచ్చి చూడలేదు అని దానర్థం. మా సంగతి మొదటిది. ఎందుకో పేజీలు తెరవగానే తెలిసింది. ఒక్కో బ్లౌజుకు ఒక్కో పేజీ, దానిలో ఒకే ఫొటో, 'డిజైన్ 14' అనే పేరు. చదవడానికి ఒక్క వాక్యం కూడా లేదు. ఆ పేజీలను కలిపి పెళ్లి బ్లౌజులు, సీమంతం, పిల్లల లంగా ఓణీ, రెడీమేడ్ బ్లౌజు మీద పని అంటూ కొన్ని నిండైన పేజీలుగా చేశాం. పాత అడ్రస్‌లను కొత్తవాటికి రీడైరెక్ట్ చేశాం, అంటే పాతది తెరిస్తే కొత్త పేజీకి వెళ్లేలా పెట్టాం. పాతవాటిని ఊరికే తీసేస్తే, వాటిని దాచుకున్నవాళ్లకు ఖాళీ పేజీ ఎదురవుతుంది.

సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల అడ్రస్‌ల జాబితా, కూడా ఇక్కడే ఇవ్వాలి. ఒక ఫైల్లో 50,000 అడ్రస్‌ల వరకు పెట్టవచ్చు కాబట్టి చిన్న సైటుకు ఒకటి చాలు.

రెండో అడుగు: 'పెర్‌ఫార్మెన్స్' చదవడం నేర్చుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే వేసే ఓపిక ఉందంటే, ఇది వేయండి. జనం ఏమని వెతికినప్పుడు మన సైటు కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్న నాలుగు విషయాలు ఇందులో ఉంటాయి. పైన నాలుగు పెట్టెలూ (నొక్కినవి, కనిపించినవి, నొక్కిన శాతం, సగటు స్థానం) ఆన్ చేసుకోండి. కింద 'క్వెరీస్' జాబితాను, ఎక్కువసార్లు కనిపించినవి పైన ఉండేలా మార్చండి.

సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, చాలాసార్లు కనిపించినా ఎవరూ నొక్కని మాటలు ఏవో చూడండి. గూగుల్ మిమ్మల్ని అప్పటికే ఆ మాటకు తగినవాళ్ల లెక్కలో వేసింది, కాకపోతే వెనక వరసలో నిలబెట్టింది. ఎక్కడా లేని మాట కోసం కష్టపడటం కన్నా ఈ మాటల మీద పని చేస్తే ఫలితం తొందరగా కనిపిస్తుంది.

వదిన జాబితాలో అలాంటివి చూస్తే ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి: ధర. మగ్గం వర్క్ బ్లౌజు ధర ఎంత, పెళ్లి బ్లౌజుకు ఎంత అవుతుంది, చేతులకు మాత్రమే పని చేయిస్తే ఎంత. సైటులో ధర అన్న మాటే లేదు. "ధర పెడితే పక్క షాపువాళ్లు చూసి పది రూపాయలు తగ్గిస్తారు" అని వదిన భయం. ఆ భయం అర్థం చేసుకోదగిందే. అందుకని నికరమైన ధర పెట్టకుండా, ధర దేన్నిబట్టి మారుతుందో రాశాం: మెడకు మాత్రమేనా చేతులకూ పనా, మెషీన్ పనా చేతి పనా, జర్దోసీ ఎంత, పూసలు ఎలాంటివి, కారిగర్‌కు ఎన్ని రోజులు పడుతుంది. ఒక్కో రకానికి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో కూడా చెప్పాం. ఆ పేజీ కోసం వదిన రెండు రాత్రులు కూర్చుని చెబితే నేను రాశాను. ఇరవై ఏళ్లుగా తెలిసిన పని ఆమెది, అలాంటి వివరం ఇంకే సైటులోనూ నాకు కనిపించలేదు. తర్వాత షాపుకు వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆ పేజీలో చదివిన మాటలతోనే బేరం మొదలుపెట్టారు.

ఈ రిపోర్టులో గరిష్ఠంగా 16 నెలల లెక్క ఉంటుంది. కాబట్టి పోయినేడుతో పోల్చవచ్చు. కానీ మన సీజన్లు పంచాంగాన్నిబట్టి నడుస్తాయి, ఇంగ్లిష్ తేదీలను బట్టి కాదు. 2024లో శ్రావణం ఆగస్టు 5న మొదలైతే, 2025లో జూలై 25నే వచ్చింది. అవే తేదీలు పెట్టి పోలిస్తే జూలై చివర్లో సైటు ఒక్కసారిగా ఎగిసినట్టూ, ఆగస్టు చివర్లో పడిపోయినట్టూ కనిపించి అనవసరంగా టెన్షన్ పడతాం. తేదీలు మనమే ఎంచుకునే వీలుంది. శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చండి.

ఒక జాగ్రత్త. సొంత ఫోన్లో వెతికి "మనం మూడో స్థానంలో ఉన్నాం" అనుకోవద్దు. మీరు షాపులోనే కూర్చుని వెతుకుతున్నారు. మియాపూర్‌లో ఉన్నావిడకు వేరే జాబితా వస్తుంది.

మూడో అడుగు: జనం నోట్లో ఉన్న మాట పట్టుకోవాలి

కీవర్డ్ రీసెర్చ్ అని పెద్ద పేరు పెడతారు గానీ, వదిన దగ్గర అది అప్పటికే ఉంది, వాట్సాప్‌లో. ఆరు నెలల మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ కస్టమర్లు అడిగిన ప్రశ్నల్ని ఒక నోట్‌బుక్‌లో రాయమన్నాను. అడిగినవాళ్ల మాటలు మార్చకుండా రాయమన్నాను. 'హ్యాండ్ ఎంబ్రాయిడరీ' అని ఆమె సైటులో ఉంది. మెసేజ్‌లలో ఆ మాట వాడినవాళ్లు ఎవరూ లేరు. అందరూ 'మగ్గం వర్క్' అనే రాశారు.

ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని గూగుల్ పెట్టెలో ఒక్కో మాట సగం టైప్ చేయండి. కింద వచ్చే సూచనలు జనం వెతికినవాటి నుంచి వస్తాయి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి చేయండి. మన ఊళ్లో ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, మగ్గం అన్న ఒక్క మాటకే రెండు మూడు స్పెల్లింగులు కనిపిస్తాయి. ఏ స్పెల్లింగు ఎక్కువగా వాడుతున్నారో తెలుసుకుని దాన్ని పేజీ శీర్షికలో పెడితే చాలు. అన్ని స్పెల్లింగులూ పేజీలో కుక్కడం వల్ల చదివేవాళ్లకు చిరాకు తప్ప లాభం లేదు.

గూగుల్ యాడ్స్‌లో ఉండే కీవర్డ్ ప్లానర్ నెలకు ఎంతమంది వెతుకుతారో చెబుతుంది. యాడ్స్ అకౌంట్ తెరవాలి. ప్రకటనకు ఖర్చు పెట్టనివాళ్లకు సాధారణంగా వెయ్యి నుంచి పదివేలు అన్నట్టు వెడల్పు అంచనాలే చూపిస్తుంది. రెండు మాటల్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి అది చాలు.

గూగుల్ ట్రెండ్స్ ఇంకో రకం. ఇందులో 2004 నుంచి లెక్క ఉంది. ఎంతమంది అన్నది చెప్పదు. ఆ కాలంలో ఎక్కువగా వెతికిన రోజుకు 100 వేసి, మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తుంది. ఒకేసారి ఐదు మాటల వరకు పోల్చవచ్చు, తెలంగాణ వరకే పరిమితం చేయవచ్చు. మాకు దీనితో తేలింది పేజీ ఎప్పుడు పెట్టాలో. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు. అయినా బ్లౌజు కుట్టించుకోవాలన్నవాళ్లు ముహూర్తానికి నెలా నెలన్నర ముందే వెతకడం మొదలుపెడతారు. గూగుల్‌కు కొత్త పేజీ అలవాటు కావడానికీ కొన్ని వారాలు కావాలి. శ్రావణం పేజీని ఆషాఢంలో పెడితే ఆలస్యం, జ్యేష్ఠంలోనే ఉండాలి.

నాలుగో అడుగు: పేజీ లోపల

స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో దించుకోండి. ఉచిత రకం 500 అడ్రస్‌ల వరకు చూస్తుంది. సైటంతా తిరిగి శీర్షిక లేని పేజీలు, ఒకే శీర్షిక ఉన్న పేజీలు, తెగిపోయిన లింకులు పట్టి ఇస్తుంది. వదిన సైటులో ప్రతి పేజీ శీర్షికా షాపు పేరే. వాటిని మార్చడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. శీర్షికలో ముందు పని పేరు, తర్వాత ఏరియా, చివర షాపు పేరు పెట్టాం.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ వంటి ప్లగిన్లు (సైటుకు తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉన్నాయి. శీర్షిక, వివరణ రాయడానికి అవి బాగా పనికొస్తాయి. వాటిలో వెలిగే పచ్చ లైటు ప్లగిన్ వేసిన మార్కు, గూగుల్ వేసింది కాదు. దాని కోసం ఒకే మాటను పేజీలో పదిసార్లు తిప్పితిప్పి రాయకండి. మెటా కీవర్డ్స్ అనే పెట్టె కనిపిస్తే వదిలేయండి, ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మన డీటీపీ షాపుల్లో పాంప్లెట్లు, పెళ్లి కార్డులు చాలాకాలంగా అను ఫాంట్లలో టైప్ చేస్తున్నారు. కంటికి అది తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం ఆ ఫాంటు తొడుక్కున్న ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆ ఫైల్ నుంచి తీసి సైటులో పెడితే గూగుల్‌కు ఒక్క తెలుగు మాట కూడా అందదు. పరీక్ష సులువు: మీ పేజీ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్, అంటే కంప్యూటర్ కూడా తెలుగుగానే చదివే రాత, మంచిదే. పిచ్చి అక్షరాలు వస్తే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి తప్పులు దిద్దండి. అసలు కాపీయే కాకపోతే అది ఫొటో. పాంప్లెట్‌ను ఫొటో తీసి పెట్టిన పేజీల్లో గూగుల్‌కు అందే రాత దాదాపు సున్నా.

పేజీ అడ్రస్ తెలుగులో పెట్టవచ్చు, తప్పేం లేదు. కానీ ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు తొమ్మిదేసి ఇంగ్లిష్ గుర్తులుగా మారి వాట్సాప్‌లో మూడు నాలుగు వరసల లింకు అవుతుంది. పంపడానికి ఇబ్బంది కాబట్టి మేం అడ్రస్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో, రాత తెలుగులో ఉంచాం.

షాపు పేరు, అడ్రస్, 500060 పిన్ కోడ్, ఫోన్, తెరిచి ఉండే వేళలు గూగుల్‌కు నేరుగా అర్థమయ్యేలా 'లోకల్ బిజినెస్' స్కీమా అనే కోడ్ కూడా పెట్టాం. పైన చెప్పిన ప్లగిన్ల సాయంతో చేయవచ్చు. సరిగ్గా పడిందో లేదో గూగుల్ వాళ్ల రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో చూసుకోండి. ప్రశ్నలు, జవాబుల స్కీమా పెడితే గూగుల్‌లో విప్పి చూపిస్తుందని ఇంకా చెబుతుంటారు. 2023 ఆగస్టులో గూగుల్ దాన్ని ప్రభుత్వ, ఆరోగ్య రంగాల్లో పేరున్న సైట్లకే పరిమితం చేసింది. ఆ పని కోసం డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

ఐదో అడుగు: స్పీడు

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ పేజీ అడ్రస్ ఇచ్చి 'మొబైల్' ఫలితం చూడండి. పైభాగం గడిచిన 28 రోజుల్లో నిజంగా వచ్చినవాళ్ల అనుభవం. రాకపోకలు తక్కువున్న సైటుకు అది ఖాళీగా ఉంటుంది, కంగారు పడొద్దు. కింది భాగం అప్పటికప్పుడు చేసిన పరీక్ష.

మూడు లెక్కలు గుర్తుంచుకోండి. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. తెరుచుకుంటుండగా పేజీ ఎంత కదిలిందో చెప్పే అంకె 0.1 దాటకూడదు. స్పందన లెక్క 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది, కాబట్టి అంతకు ముందటి సలహాలు ఈ ఒక్క విషయంలో పనికిరావు.

మగ్గం వర్క్ సైటుకు స్పీడు అంటే ఫొటోలే. జర్దోసీ మెరుపు కనిపించాలని ఫోన్లో తీసిన పెద్ద ఫొటోలను ఉన్నదున్నట్టు ఎక్కించారు. స్క్వూష్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. దాంతో ఒక్కో ఫొటో వెడల్పును 1200 పిక్సెల్స్‌కు తగ్గించి, వెబ్‌పీ రూపంలోకి మార్చాం. మెరుపు తగ్గలేదు, బరువు తగ్గింది. ఫైలు పేరు, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ) మార్చడం మరవకండి: 'నెమలి డిజైన్ మగ్గం వర్క్, ఎరుపు పట్టు బ్లౌజు వెనక మెడ' అని చూస్తున్నది చూస్తున్నట్టు రాయాలి. కొందరు ముందు గూగుల్ ఇమేజెస్‌లో డిజైన్ చూసి, ఆ తర్వాతే షాపు ఎక్కడుందో వెతుకుతారు.

నూటికి నూరు రావాలని పట్టుబట్టకండి. ఆ సమయంలో ఇంకో మంచి పేజీ రాయవచ్చు.

ఆరో అడుగు: మ్యాప్

షాపు ఉన్నవాళ్లు దీన్ని రెండో అడుగుగా వేసినా నేను కాదనను. 'దగ్గర్లో మగ్గం వర్క్' అని వెతికితే మొదట వచ్చేది మ్యాప్, దాని కింద మూడు షాపులు. అక్కడికి వెళ్లే దారి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఆ వరసను ప్రధానంగా మూడు విషయాలు చూసి నిర్ణయిస్తామని గూగుల్ చెబుతుంది: వెతికినదానికి ఎంత సరిపోయే వ్యాపారం, మనిషికి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరాన్ని మనం మార్చలేం. కూకట్‌పల్లిలో వెతికే ఆవిడకు మన షాపు పైన రాలేదని బాధపడొద్దు. కొత్తపేట, చైతన్యపురి, మూసారాంబాగ్ మనకు చాలా ముఖ్యం.

క్యాటగిరీ సరిగ్గా ఎంచుకోండి. పేరు బోర్డు మీద ఉన్నట్టే రాయండి. పేరు వెనక 'బెస్ట్ మగ్గం వర్క్ హైదరాబాద్' అని తగిలించడం గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆగిపోయే ప్రమాదం ఉంది. రివ్యూలకు బదులుగా డిస్కౌంట్ ఇవ్వడం కూడా కుదరదు. వదిన చేసేది ఒక్కటే: బ్లౌజు చేతికిచ్చిన రోజు సాయంత్రం రివ్యూ లింకు వాట్సాప్‌లో పంపుతుంది. వచ్చిన ప్రతి రివ్యూకూ, మెచ్చుకున్నా తిట్టినా, పేరు పెట్టి జవాబిస్తుంది.

ఏడో అడుగు: లింకులు

వేరే సైట్లు మన సైటుకు ఇచ్చే లింకులనూ గూగుల్ చూస్తుంది. అహ్రెఫ్స్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సొంత సైటు వరకు ఉచితంగా, మనకు ఎవరెవరు లింకు ఇచ్చారో చూడవచ్చు. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కూడా చూడవచ్చు, సెర్చ్ కన్సోల్ నుంచి సైటును నేరుగా తెచ్చుకుంటుంది కాబట్టి పెద్ద పనేమీ ఉండదు.

లింకులు కొనకండి. వేలల్లో లింకులు ఇస్తామనే ప్యాకేజీలు గూగుల్ స్పామ్ నియమాల కిందికి వస్తాయి. పాతవాళ్లెవరైనా ఆ పని చేసి వెళ్లారేమోనని సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' (నియమాలు తప్పినందుకు గూగుల్ వేసిన శిక్షలు) పేజీ ఒకసారి తెరిచి చూడండి. వదిన బ్లౌజులు వేసుకున్న పెళ్లికూతుళ్లను అలంకరించిన మేకప్ ఆర్టిస్టులు, ఫొటోలు తీసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకూ సైట్లున్నాయి. "బ్లౌజు ఫలానా షాపులో" అని ఒక వాక్యం, ఒక లింకు పెట్టమని అడిగాం. ఎక్కువమంది సంతోషంగా పెట్టారు.

కొనే టూల్స్ సంగతి

సెమ్‌రష్, అహ్రెఫ్స్ లాంటివి మంచి టూల్సే. వందల పేజీలుండి, పోటీ సైట్లను రోజూ గమనించాల్సిన అవసరం ఉన్నప్పుడు వాటి ఖరీదు గిట్టుబాటవుతుంది. వాటిలో పక్క సైటు గురించి చూపించే రాకపోకల అంకెలు అంచనాలేనని మాత్రం గుర్తుంచుకోండి. ఒక్క షాపుకు, పాతిక పేజీల సైటుకు పైన చెప్పినవి సరిపోతాయి.

మేం సోమవారం పొద్దున, షాపు తెరిచే ముందు అరగంట కూర్చుంటాం. సెర్చ్ కన్సోల్‌లో కొత్త మాటలు, జాబితాలోంచి పోయిన పేజీలు చూస్తాం. మార్చినవి తేదీతో సహా నోట్‌బుక్‌లో రాస్తాం, మూడు నాలుగు వారాలు ఆగకుండా ఆ పేజీని మళ్లీ ముట్టుకోం. అదే నోట్‌బుక్‌లో వాట్సాప్ ప్రశ్నల పట్టిక ఇంకా నడుస్తోంది. పోయిన వారం నలుగురు ఒకే సంగతి అడిగారు: అమ్మమ్మ పాత పట్టుచీర అంచు కత్తిరించి బ్లౌజు మీద వేసి, చుట్టూ మగ్గం పని చేస్తారా అని. దానికి పేజీ లేదు. అలా చేసినవి రెండు బ్లౌజులు షాపులోనే ఉన్నాయట, ఫొటోలు తీయడానికి ఆదివారం వెళ్తున్నాను.